కోడిపిల్లల పెట్టె, లాబాను లెక్క

ఈ నెలన్నరగా మేము ఇక్కడ రాసింది చాలా తక్కువ. "అయ్యగారూ, ఒంట్లో బాగాలేదా?" అని హైదరాబాదు నుంచి, కువైట్ నుంచి మెసేజీలు పెట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు. దేవుని కృప వలన ఒంట్లో బాగానే ఉంది. మందిరం వెనక వరండాలో కోడిపిల్లలు పెరుగుతున్నాయి. రాత్రిళ్లు లేచి చూసుకోవాల్సి వచ్చింది, అంతే.

నవ్వేవాళ్లు నవ్వుతున్నారు. పక్క ఊరి సేవకుడు ఒకరు, "ఆత్మల కాపరికి కోళ్ల కాపలా ఏమిటి బ్రదర్?" అని కూడికలో అందరి ముందూ అడిగారు. పౌలు డేరాలు కుట్టాడని చెప్పి ఊరుకున్నాము. పాత రోజుల్లో పల్లె పాస్టర్లకు జీతంలో సగం వడ్లూ, గుడ్లూ, కోడీనే కదా. ఆ మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. ఈ రోజు రాయాలనుకున్నది వేరే సంగతి. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత సంఘ కమిటీ కూర్చుంటుంది. అక్కడ ఒక తీర్మానం పెట్టబోతున్నారు. దాన్ని మేము ఒప్పుకోవడం లేదు. పెద్దలతో ముఖాముఖీ చెప్పాము. దూరాన ఉండి కానుకలు పంపే మీకు కూడా ఆ కారణం తెలియాలి, ఎందుకంటే ఈ కోడిపిల్లల్లో మీ డబ్బు ఉంది.

సంగతి మొదటి నుంచి చెబుతాము.

పోయిన ఏడాది క్రిస్మస్ ముందు మన స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం కానుక అమ్మగా వచ్చిన డబ్బుతో, కువైట్‌లో ఉన్న ఒక తమ్ముడు పంపిన దానితో కలిపి, భర్త లేని పదిమంది తల్లులకు చీరలకు బదులు కోడిపిల్లలు ఇద్దామనుకున్నారు. మంచి ఆలోచన. చీర ఒక ఏడాది, పెట్ట అయితే గుడ్డు పెడుతుంది. గ్రామప్రియ పిల్లలు కావాలని మేమే చెప్పాము. రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. మన నాటుపెట్ట ఏడాదికి అరవై, డెబ్భై గుడ్లు పెడితే గొప్ప. ఇది సరిగ్గా చూసుకుంటే అంతకు రెట్టింపు పెడుతుంది. ఒక హేచరీకి ఫోన్ చేసి, ముందే డబ్బు కట్టి, నూరు పిల్లలకు ఆర్డరు పెట్టాము. నూటికి రెండు ఎక్కువ వేసి పంపుతామన్నారు. రాత్రి బస్సులో పార్శిల్ వేస్తాము, తెల్లవారుజామున నాలుగున్నరకు హైవే జంక్షన్‌లో దించుకోండి అన్నారు.

అవి ఆగమన కాలపు రోజులు. ఆ ఆదివారమే నిరీక్షణ గురించి ప్రసంగించాము. ఆలస్యమైనా తప్పక వస్తుంది, కనిపెట్టమని హబక్కూకు ప్రవక్తకు దేవుడు చెప్పిన మాట మీద నలభై నిమిషాలు మాట్లాడాము. మంగళవారం తెల్లవారుజామున మూడున్నరకే ఇద్దరు యవ్వనస్థులతో జంక్షన్‌లో నిలబడ్డాము. మంచు. టీ కొట్టు ఇంకా తెరవలేదు. నాలుగున్నర అయింది, అయిదు అయింది. డ్రైవరు నంబరుకు చేస్తే స్విచ్ ఆఫ్. ఆరు గంటలకు క్లీనరు ఎత్తి, "జంక్షన్ దాటిపోయామండీ, ముందు టౌన్‌లో దించేస్తాం" అన్నాడు. ఆ టౌన్‌కు వెళ్తే అక్కడ దించలేదు. ఇంకో ఊళ్లో దించి, పార్శిల్ ఆఫీసు గదిలో పెట్టి తాళం వేసుకుని వెళ్లారు. మాకు పెట్టె చేతికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. ఆదివారం చెప్పిన ప్రసంగం మంగళవారానికి మా దగ్గర మిగల్లేదని ఒప్పుకుంటున్నాము. ఆ గుమాస్తాతో మాట్లాడిన తీరుకు తర్వాత ప్రభువు దగ్గర క్షమాపణ అడిగాము. గుమాస్తాను అడగలేదు. అది ఇంకా బాకీ.

పెట్టె విప్పకముందే తెలిసిపోయింది. కోడిపిల్లల పెట్టె అంటే గోల ఉండాలి. చేతిలో పట్టుకుంటే అట్ట అదరాలి. ఇందులో సన్నగా ఒకటీ అరా చప్పుడు. ఆ పెట్టెకు నాలుగు అరలుంటాయి, అరకు పాతికేసి పిల్లలు. మూత మీదా పక్కలా గాలి కోసం రంధ్రాలుంటాయి. ఒక పక్క రంధ్రాలకు ఎవరిదో బియ్యం బస్తా ఆనించారు. ఆ పక్క రెండు అరల్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం పోయాయి. నూట రెండింటిలో ముప్పై నాలుగు.

ఇక్కడ ఒక మాట తెలుసుకోవాలి, ఎందుకంటే "ఒక్క రోజు పిల్లలను తిండీ నీళ్లూ లేకుండా బస్సులో పంపడమే పాపం కదా" అని కొందరు అడిగారు. గుడ్డులోంచి బయటికి వచ్చే ముందు పిల్ల పచ్చసొనలో మిగిలిన దాన్ని తన కడుపులోకి లాగేసుకుంటుంది. దానితో రెండు రోజుల పాటు నెట్టుకొస్తుంది. తల్లి ఇంకా పొదుగు మీద ఉండగా ముందు పుట్టిన పిల్ల, వెనక పుట్టే పిల్లల కోసం ఆగగలగాలని సృష్టికర్త చేసిన ఏర్పాటు అది. అమెరికాలో 1918 నుంచి పోస్టులోనే కోడిపిల్లలు పంపుతున్నారంటే ఆ ఏర్పాటు మీద ఆధారపడే. పిల్లలను చంపేది దూరం కాదు. ఊపిరాడకపోవడం, ఎండ, చలి, ఎక్కడ దించాలో పట్టించుకోని చెయ్యి. హేచరీ వారు తమ వంతు పని చేశారనే అనుకుంటున్నాము. తర్వాత జరిగినదానిలో పెద్ద తప్పు బస్సు వారిది కూడా కాదు. మాది.

మిగిలిన అరవై ఎనిమిదింటినీ ఆ సాయంత్రమే మందిరం ముందు పెట్టి, ప్రార్థన చేసి, ఎనిమిది ఇళ్లకు ఏడేసి, రెండు ఇళ్లకు ఆరేసి పంచేశాము. ఫోటో తీసుకున్నాము. మీరందరూ చూశారు ఆ ఫోటో. తల్లులు అట్టపెట్టెలు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు, వెనక నక్షత్రం వెలుగుతోంది. "దేవునికి స్తోత్రం" అని చాలామంది పెట్టారు. ఆ రాత్రి చలి పదిహేడు డిగ్రీలో పద్దెనిమిదో ఉండి ఉంటుంది. ఒక్క రోజు పిల్లకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి. తల్లి కడుపు కింద ఉండే వేడి అది. ఆ పది ఇళ్లల్లో ఏ ఇంట్లోనూ ఆ పిల్లలకు తల్లి లేదు. సగం ఇళ్లల్లో పడుకోవడానికి ఉన్నది ఒకే గది. ఇవన్నీ మాకు తెలియవా? తెలుసు. మా చిన్నతనం కూడా కోడిగంపల మధ్యనే గడిచింది. అయినా ఇచ్చేశాము, ఎందుకంటే క్రిస్మస్ వచ్చేస్తోంది, ఫోటో తీయాలి, మా మీద బరువు దిగిపోవాలి.

జనవరి చివరికి పంతొమ్మిది మిగిలాయి. కొన్ని చలికి పోయాయి. కొన్నింటిని పిల్లి పట్టింది. ఒక ఇంట్లో నాలుగు పిల్లలు నీళ్ల గిన్నెలో పడి చచ్చిపోయాయి, లోతు గిన్నె పెట్టారు, పెట్టకూడదని మేము చెప్పలేదు. సంక్రాంతి తర్వాత కొక్కెర తెగులు వచ్చింది, మెడలు తిరిగిపోయి కొన్ని పోయాయి. దానికి టీకా ఉంది, ఏడో రోజున కంట్లో ఒక్క చుక్క. కానీ ఆ మందు వంద డోసులకు తక్కువ సీసా మాకు దొరకలేదు. దాన్ని ఐసులో తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఏడు పిల్లలున్న తల్లి వంద డోసుల సీసా కొని, ఐసు తెచ్చి, తొంభై మూడు డోసులు పారబోస్తుందా? పది ఇళ్లవీ ఒక్కచోట ఉంటే ఒక్క సీసాతో పావుగంటలో అయిపోయే పని. విడదీసి పంచినప్పుడే ఆ దారి మూసేశాము.

ఇంతవరకు నష్టం లెక్క. ఇప్పుడు చెప్పేది మమ్మల్ని నిద్రపోనివ్వని సంగతి.

ఫిబ్రవరిలో ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. డెబ్భై ఏళ్లుంటాయి. గుమ్మం లోపలికి రాలేదు. అమ్మగారు ఎంత పిలిచినా అరుగు మీదే కూర్చుంది. కొంగులోంచి రెండు వందల రూపాయలు తీసి అక్కడ పెట్టింది. "అయ్యగారూ, దేవుడిచ్చిన ఏడింటిలో ఒక్కటీ కాపాడలేకపోయాను. నేను ఆ మూడోవాడిని. నాకు శిక్ష పడకుండా ప్రార్థన చేయండి" అంది.

మూడోవాడు ఎవరో మాకు వెంటనే తట్టలేదు. తర్వాత అర్థమైంది. నూతన సంవత్సరం మొదటి ఆదివారం మేము మత్తయి 25లో తలాంతుల ఉపమానం బోధించాము. ఉదాహరణ దొరికింది కదా అని కోడిపిల్లలనే చెప్పాము. ఇచ్చినవాటిని ఎలా చూసుకున్నారో యజమానుడు లెక్క అడుగుతాడు అన్నాము. ఆ రోజుకే ఆ తల్లి పిల్లలు అయిదు పోయాయని మాకు తెలియదు. ఆమె ముందు వరసలో కూర్చుని ఉంది. తలాంతును పాతిపెట్టి చీకట్లోకి తోసివేయబడిన ఆ దాసుడు తనే అనుకుని నెల రోజులు మోసింది. ఆ రెండు వందలు ఆమె పింఛన్‌లోంచి తెచ్చింది.

డబ్బు తిరిగి ఇచ్చేశాము, ప్రార్థన చేశాము, తప్పు మాదని చెప్పాము. ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో తెలియదు.

ఇప్పుడు కమిటీ ముందుకు రాబోయే తీర్మానం సంగతి. ఈ ఏడాది మళ్లీ పిల్లలను ఇవ్వాలంటే రెండు షరతులు పెట్టాలని కొందరు పెద్దలు అంటున్నారు. మొదటిది, అయిదు కోళ్లు తీసుకున్న ప్రతి ఇల్లూ కోత పండుగ వేలంపాటకు ఒక పెట్టను తిరిగి ఇవ్వాలి. రెండోది, పోయినసారి తీసుకుని అన్నీ పోగొట్టుకున్న వారికి ఈసారి ఇవ్వకూడదు.

వాళ్ల మాటలో న్యాయం లేదని అనడం లేదు. పిడికెడు బియ్యం తీసిపెట్టిన చేతులు కూడా పేదవే. కూలికి వెళ్లి వచ్చి, అన్నం వండే ముందు గిన్నెలోంచి పిడికెడు పక్కకు తీసినవాళ్ల డబ్బు అది. అది నేలపాలైతే అడిగే హక్కు వాళ్లకుంది. ఇంకో మాట కూడా దాచము. ఆ పది ఇళ్లలో ఒక ఇంటివారు వారం తిరక్కుండానే పిల్లలను సంతలో అమ్మేశారు. ఎవరో మాకు తెలుసు, ఎందుకు అమ్మారో కూడా తెలుసు. పెద్దలకు ఆ ఇల్లు గుర్తొచ్చి కోపం వస్తోంది. సహజమే.

అయితే లేఖనం ఈ విషయంలో మౌనంగా లేదు. ఆదికాండము 31లో యాకోబు లాబానుతో పోట్లాడే ఘట్టం చదవండి. సాధారణంగా మనము ఆ అధ్యాయంలో రాహేలు దాచిన గృహదేవతల దగ్గర ఆగిపోతాము. కానీ అక్కడ యాకోబు ఇరవై ఏళ్ల గొర్రెల కాపరి జీవితాన్ని లెక్క అప్పజెబుతాడు. పగలు ఎండకు, రాత్రి మంచుకు ఎలా క్షీణించాడో, నిద్ర ఎలా దూరమైందో చెబుతాడు. అందులోనే ఒక గట్టి ఫిర్యాదు ఉంది. మృగాలు చీల్చిన గొర్రెను నీ దగ్గరకు తేలేదు, ఆ నష్టం నేనే పెట్టుకున్నాను, పగలు పోయినా రాత్రి పోయినా నన్నే కట్టమన్నావు అంటాడు. యాకోబు ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, లాబాను చేసిన అన్యాయాల పట్టికలో చెబుతున్నాడు. ఎందుకు అన్యాయం? ఆ కాలపు న్యాయం ప్రకారం కాపరి తప్పు లేకుండా అడవిమృగం చంపితే ఆ నష్టం మంద యజమానుడిది. హమ్మురాబి శాసనాల్లోనూ అంతే, దొడ్లో సింహం పడితే కాపరి దేవుని ఎదుట ప్రమాణం చేసి తప్పుకుంటాడు, యజమాని నష్టం భరిస్తాడు. మోషే ధర్మశాస్త్రంలో నిర్గమకాండము 22 కూడా అదే చెబుతుంది. కాపాడమని ఇచ్చిన జంతువు చచ్చినా, గాయపడినా, అతడు దాని సొమ్ము ముట్టలేదని యెహోవా ఎదుట ప్రమాణం చేస్తే చాలు, మృగం చీల్చితే దాన్ని సాక్ష్యంగా తెస్తే చాలు, అచ్చుకోనక్కర్లేదు. అజాగ్రత్తకు, దొంగతనానికి వేరే లెక్క ఉంది. గద్దకు, తెగులుకు, చలికి ఆ లెక్క లేదు.

ఆ తల్లి అరుగు మీద పెట్టిన రెండు వందలు చూసినప్పుడు మాకు ఈ అధ్యాయమే గుర్తొచ్చింది. ఆమె యాకోబు. లాబాను ఎవరు? ఆ రోజు మేము. ఈ తీర్మానం గెలిస్తే సంఘమంతా.

తలాంతుల ఉపమానాన్ని తీసుకొచ్చి కోళ్ల లెక్కకు కట్టకూడదని ఇప్పుడు మా అభిప్రాయం. ఆ ఉపమానంలో యజమానుడు ఎవరి సామర్థ్యం కొద్దీ వారికి ఇచ్చాడు. మనము సామర్థ్యం చూడలేదు. బల్బు లేని ఇంటికి, గంప లేని ఇంటికి, మందు అందని ఇంటికి ఒక్క రోజు పిల్లలను ఇచ్చాము. పైగా ఆ కథలో యజమానుడు ప్రభువు. సంఘ కమిటీ కాదు.

కోత పండుగకు కోడి తేవడం గురించి అపార్థం వద్దు. వేలంపాట అంటే మాకూ సంతోషమే. ఒక గుమ్మడికాయ ముగ్గురి చేతులు మారి మూడుసార్లు అమ్ముడుపోవడం, ఒక అవ్వ తెచ్చిన పుంజును పట్నం నుంచి వచ్చిన కొడుకులు పోటీపడి పాడుకోవడం, ఇవి మన పండుగకు అందం. ఎవరి గుండె ప్రేరేపిస్తే వారు తేవాలి. రిజిస్టరులో పేరు రాసి "నీ పెట్ట ఏది?" అని అడిగిన రోజున అది కానుక కాదు, వసూలు.

మరి నష్టం ఎవరు భరించాలి? సంఘమే భరించాలి. ఎలా అంటే, కోడిపిల్ల జీవితంలో ప్రమాదం ఎక్కువున్న మొదటి ఆరు వారాలూ మన దగ్గరే ఉంచుకుని. చచ్చేవి ఏవో మన చేతుల్లో చావాలి. నిలబడ్డవాటినే ఇవ్వాలి. ఈ ఆగస్టులో మేము చేసింది అదే. ఈ నెలన్నర రాయకపోవడానికి కారణం కూడా అదే.

ఈసారి యాభైకే ఆర్డరు పెట్టాము. బస్సు ఎక్కించేటప్పుడే పెట్టె మీద ఏమీ ఆనించవద్దని పెద్ద అక్షరాలతో రాయించాము. యవ్వనస్థుడు ఒకరు జంక్షన్‌కు కాదు, బస్సు తప్పక ఆగే టౌన్‌కే వెళ్లి దించుకొచ్చాడు. యాభై ఒకటి వేశారు, నలభై తొమ్మిది బతికి వచ్చాయి. పెట్టె దూరాన ఉండగానే గోల వినబడింది. అమ్మగారు ఒక్కొక్క పిల్ల ముక్కునూ బెల్లం నీళ్లలో ముంచి వదిలారు. తర్వాత పాత న్యూస్‌పేపరు మీద మొక్కజొన్న నూక చల్లాము. కింద రెండంగుళాల ఊక, చుట్టూ అట్ట కంచె, పైన బల్బులు. బల్బుల దగ్గర ఒక తిప్పలు వచ్చింది. ఇప్పుడు కొట్లలో అన్నీ ఎల్‌ఈడీలే, వాటికి వెలుగే గానీ వేడి ఉండదు. పాత పసుపు బల్బుల కోసం మూడు ఊళ్లు తిరిగాము. వేడి సరిపోయిందా లేదా అనేది పిల్లలే చెబుతాయి. అన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి వేస్తోందని, అన్నీ అట్ట కంచె వారకు పోయి నోళ్లు తెరిస్తే ఎక్కువైందని, చెదిరి తిరుగుతూ ఉంటే సరిగా ఉందని. కరెంటు పోయిన రాత్రులు ఇద్దరం నిద్రపోలేదు.

నలభై తొమ్మిదింటినీ బల్బు కింద పెట్టలేదు. ఇరవై నాలుగింటిని తల్లులకు అప్పగించాము. ఈ మెరుగుపరచిన రకాల్లో ఒక లోపం ఉంది, పెట్టలు పొదుగుకు రావు. గుడ్లు పెడతాయి గానీ వాటి మీద కూర్చోవు. అందుకే రెండేళ్లకోసారి మళ్లీ పెట్టె కోసం ఎదురుచూడాల్సిందే. నాటుపెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది గానీ, ఇరవై ఒక్క రోజులు తిండి తగ్గించుకుని కూర్చుంటుంది. ఊళ్లో పొదుగు మీద ఉన్న పెట్టలు కావాలని అడిగితే రెండు దొరికాయి. చీకటి పడ్డాక దీపం లేకుండా, పెట్ట కింద గుడ్లు ఒక్కొక్కటి తీస్తూ ఒక్కొక్క పిల్లను పెట్టాలి. ఒక పెట్ట మొదటి పిల్లను ముక్కుతో పొడిచింది, మా గుండె జారిపోయింది. కాసేపటికి రెక్క కాస్త ఎత్తింది. తెల్లవారేసరికి పన్నెండూ దాని కడుపు కింద ఉన్నాయి. యెరూషలేమును చూసి ప్రభువు కోడిపెట్టతో తనను పోల్చుకున్న మాట ఎన్నోసార్లు ప్రసంగించాము. ఆ పెట్ట చేర్చుకున్న పిల్లలు దాని గుడ్లలోంచి వచ్చినవే అయి ఉండాలని అక్కడ లేదని మాకు ఆ ఉదయమే తట్టింది.

ఆ రెండో పెట్ట ఎవరిదో చెప్పాలి. రెండు వందలు తెచ్చిన తల్లిదే. అడగకుండానే చంకలో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. "పిల్లలు పెద్దయ్యాక నీకూ అయిదు ఇస్తామమ్మా" అంటే చేతులు జోడించి వద్దంది. "ఇది పోతే నా పెట్ట పోయిందనుకుంటాను అయ్యగారూ. మీరిచ్చినవి పోతే దేవుడికి ఏం చెప్పుకోను?"

ఈ ఒక్క మాటను పెద్దలు తూచి చూడాలని మా మనవి. మనము పెట్టే షరతు ఎవరి మీద పడుతుంది? వారం తిరక్కుండా అమ్ముకున్న ఇంటి మీద పడదు. వాళ్లు షరతుకు సరే అని తల ఊపి తీసుకుంటారు. షరతు విని భయపడి వెనక్కు తగ్గేది ఇలాంటి తల్లే. రెండో షరతు అయితే ఆమె పేరునే కొట్టేస్తుంది.

ఆరు వారాల లెక్క ఇది. బల్బు కింద పాతికలో మూడు పోయాయి, ఇరవై రెండు మిగిలాయి. పెట్టల కింద ఇరవై నాలుగులో రెండింటిని గద్ద తన్నుకుపోయింది, అక్కడా ఇరవై రెండే. కరెంటు బిల్లు మాత్రం ఒక వైపే వచ్చింది. ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఎనిమిదో రోజు టీకాలన్నీ ఒక్కచోటే అయిపోయాయి. ఎనిమిదో వారం టీకా ఇంకా ఉంది. దానికి పశువుల ఆసుపత్రి నుంచి ఒకరు వస్తామన్నారు, ఇల్లిల్లూ తిరగాలి. పోయిన ఆదివారం ఎనిమిది ఇళ్లకు అయిదేసి ఇచ్చాము. ఫోటో తీయలేదు.

తీసుకున్నవారికి రెండు మాటలు చెప్పాము, ఇక్కడ కూడా రాస్తున్నాము, ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీరూ చెప్పండి. కోడి ఉన్నట్టుండి చచ్చిపోతే కూర వండుకోవద్దు. సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి, నాలుగైదు ఒకేసారి పోతే ఆసుపత్రికి కబురు చేయండి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, మనకు దూరం కాదు. రెండోది, చంటిబిడ్డలు పడుకునే గదిలో కోళ్లను పెట్టవద్దు. గూడు లేనివారు చెప్పండి, మన యవ్వనస్థులు పాత చెక్కలతో కట్టిస్తారు. సంక్రాంతి పందేల కోసం పుంజులను అడిగేవారి సంగతి పుష్యమాసం దగ్గరపడ్డాక విడిగా రాస్తాము. దాని మీద చెప్పాల్సింది చాలా ఉంది.

ఆదివారం కమిటీలో మా చెయ్యి తీర్మానానికి వ్యతిరేకంగా లేస్తుంది. పెద్దలు ఇందుకు నొచ్చుకోవద్దు. ఓడిపోతే ఓడిపోయాము, సంఘ నిర్ణయానికి లోబడతాము, కానీ రిజిస్టరు పట్టుకుని పెట్టలు అడగడానికి ఇల్లిల్లూ తిరిగే పని మాత్రం మాకు అప్పగించవద్దని ముందే విన్నవించుకుంటున్నాము.

నాలుగు కోళ్లు ఇంకా మా వరండాలోనే ఉన్నాయి. ఆ తల్లి తన పెట్టను నిన్న తీసుకెళ్లిపోయింది, అది మళ్లీ గుడ్లకు వచ్చింది. అయినా సాయంత్రం కొంగులో నూకలు మూటగట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చుంటోంది. మేము ఏమీ అడగడం లేదు.

తర్వాతి పెట్టె నవంబరు మొదటి వారంలో వస్తుంది. ఊక నాలుగు బస్తాలు కావాలి, మిల్లు దగ్గర ఉన్నవారు చూడండి. హైదరాబాదులో ఉన్నవారు పాత పసుపు బల్బులు, వంద వాట్లవి, ఎక్కడైనా కనబడితే అరడజను కొని క్రిస్మస్ దాకా ఆగకుండా ముందే పంపండి.